జ్వరం వదిలాక కాళ్ళు ఎందుకు పడిపోయాయి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది నగరి. మా ఆయనకు 38 ఏళ్ళు, పవర్‌లూమ్ షెడ్డులో మగ్గాలు చూసుకుంటారు. దీపావళికి ముందు మా వీధిలో ఇంటికొకరు చికెన్ గున్యాతో మంచం పట్టారు. ఆయనకూ వచ్చింది, వారంలో జ్వరం తగ్గింది. ఇంకో పది రోజులకు అరికాళ్ళు తిమ్మిర్లన్నారు. మర్నాడు మేడ మెట్లు ఎక్కలేకపోయారు. మూడో రోజు తెగిన పోగు ముడివేయడానికి వేళ్ళు రాలేదని మగ్గం ఆపేసి ఇంటికొచ్చేశారు. పుత్తూరు కట్టు కట్టిద్దామని ఒకరు, పసరు మందు తాగిద్దామని ఇంకొకరు అన్నారు. నాలుగో రోజు తిరుపతి తీసుకెళ్తే జీబీఎస్ అనే నరాల జబ్బని చెప్పి ఐదు రోజులు మందు ఎక్కించారు. ఇంటికొచ్చి నెలన్నర అయింది. గోడ పట్టుకుని నడుస్తున్నారు. జ్వరానికి తుంటికి వేసిన సూది వల్లే నరం పోయిందని మా అత్తగారు అంటున్నారు. దోమ కుడితే కాళ్ళు పడిపోతాయా? ఆయన మళ్ళీ మగ్గం దగ్గర నిలబడగలరా? మొన్నటి నుంచి తొమ్మిదేళ్ళ మా పాపకు జ్వరం. నిన్న రాత్రి పిక్కలు నొప్పులని ఒకటే ఏడుపు. నాకు కంటి మీద కునుకు లేదు.
– ఒక సోదరి, నగరి

జవాబు: అమ్మా, ముందు పాప సంగతి. మీ ఉత్తరం అందిన రోజే ఫోన్లో మీతో మాట్లాడాను. అప్పుడు చెప్పిందే ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే ఈ వానల తర్వాత మన జిల్లాలో ఎంతమంది తల్లులు ఇదే టెన్షన్‌తో పిల్లల మంచం పక్కన కూర్చుని ఉంటారో నాకు తెలుసు.

జ్వరం ఉన్నప్పుడే పిక్కలు పట్టేసి పిల్లలు ఏడవడం చాలా మామూలు. వైరల్ జ్వరాల్లో కండ వాస్తుంది. పిక్క నొక్కితే కెవ్వుమంటారు, మడమ నేలకు ఆనించకుండా మునివేళ్ళ మీద నడుస్తారు. అది నొప్పి వల్ల నడవలేకపోవడం. నాలుగైదు రోజుల్లో దానంతటదే పోతుంది. మీ ఆయనకు వచ్చింది వేరు. ఆయనకు జ్వరం పూర్తిగా పోయి, పనిలోకి వెళ్ళాక, కాళ్ళలో బలమే లేకుండా పోయింది. నొప్పి ఉండటానికీ బలం లేకపోవడానికీ ఉన్న ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే మీ భయం సగం తగ్గుతుంది.

ఇంట్లోనే ఇలా చూడండి. పాపను నేల మీద బాసింపట్టు వేసి కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమనండి. మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ళ మీద నాలుగడుగులు వేయమనండి. మీ వేళ్ళు రెండు గట్టిగా పిండమనండి. గుక్క తిప్పుకోకుండా ఒకటి నుంచి అంకెలు చెప్పమనండి. నొప్పితో మూలుగుతూనైనా ఇవన్నీ చేసిందంటే నరాలు పని చేస్తున్నట్టే. నిన్న చేసింది ఈ రోజు చేయలేకపోయినా, నిన్న ముప్పై దాకా లెక్కపెట్టిన పిల్ల ఈ రోజు పదికే ఆగిపోయినా, నీళ్ళు మింగేటప్పుడు పొలమారుతున్నా, గొంతు ముక్కులోంచి వస్తున్నట్టున్నా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.

పెద్ద ఆసుపత్రిలో పదిహేనేళ్ళ లోపు పిల్లలకు కాళ్ళు హఠాత్తుగా మెత్తబడితే మలం పరీక్షకు రెండుసార్లు శాంపిల్ తీసుకుంటారు. దాంతో కొందరు తల్లిదండ్రులు పోలియో వచ్చిందని హడలిపోతారు. అది దేశమంతటా ఉన్న నిఘా పద్ధతి. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. ఆ జబ్బు మళ్ళీ తలెత్తకుండా చూడటానికే ఇలాంటి ప్రతి పిల్లనూ పరీక్షిస్తారు.

పాప జ్వరం డెంగీ కావచ్చు, గున్యా కావచ్చు, మామూలు వైరల్ కావచ్చు. తేలేదాకా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి బిళ్ళ ఇవ్వకండి. డెంగీ అయితే జ్వరం తగ్గిన రోజే జాగ్రత్తగా ఉండాలి. చల్లబడిందని మనం ఊపిరి పీల్చుకునే సమయంలోనే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, చేతులు కాళ్ళు చల్లబడటం మొదలవుతాయి. పిల్ల మత్తుగా పడుకుని లేపినా సరిగ్గా పలకకపోయినా, పొంతన లేని మాటలాడినా, ఫిట్స్ వచ్చినా జబ్బు మెదడు దాకా వెళ్ళిందేమో చూడాలి. అప్పుడు ఊళ్ళో సెలైన్ పెట్టించుకుంటూ కూర్చుంటే కాలం చేజారిపోతుంది.

ఇక మీ ఆయన విషయం.

చికెన్ గున్యా అనే పేరు విని కోడికూర మానేసినవాళ్ళు 2006లో మన రాయలసీమ పల్లెల్లో చాలామంది ఉన్నారు. ఆ ఏడాది దేశంలో 13 లక్షల మందికి పైగా ఈ జ్వరం వచ్చినట్టు లెక్కలున్నాయి. ఊళ్ళకు ఊళ్ళు నడుములు వంగిపోయి, కర్ర పట్టుకుని నడిచాయి. కోడికీ దానికీ సంబంధం లేదు. ఆఫ్రికాలో ఇప్పటి టాంజానియా ప్రాంతంలో 1952లో ఈ జబ్బు బయటపడినప్పుడు, కీళ్ళ నొప్పులతో మనిషి వంగిపోతాడని అక్కడి మకొండే భాషలో ఆ పేరు పెట్టారు. ఇది కీళ్ళ జబ్బుగానే మనకు తెలుసు. కొద్దిమందిలో నరాల మీదా మెదడు మీదా దెబ్బ తీస్తుందన్న సంగతి 2005–06లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో బాగా బయటపడింది. ఆ దీవిలో సుమారు మూడో వంతు జనానికి గున్యా వచ్చింది. మెదడువాపు పసిబిడ్డల్లోనూ అరవై ఐదు దాటినవాళ్ళలోనూ ఎక్కువగా కనిపించింది.

దోమ కుట్టగానే కాళ్ళు పడిపోవు. దోమ వైరస్‌ను ఎక్కిస్తుంది, ఆ వైరస్ మీద మన ఒళ్ళు యుద్ధం చేస్తుంది. చాలామందిలో యుద్ధం అంతటితో ముగుస్తుంది. ఎక్కడో ఒకరిలో వైరస్ పోయాక కూడా ఆ సైన్యం ఆగదు. శత్రువు పోలికలున్నాయని సొంత నరాల మీదే పడుతుంది. మీకు మగ్గం తెలుసు కాబట్టి ఇలా చెప్తాను. పడుగు నూలుకు గంజి పడితేనే అది మగ్గం మీద నిలుస్తుంది కదా. గంజి రాలిపోతే లోపల పోగు ఉన్నా పని జరగదు. నరం మీద కూడా అలాంటి పూత ఒకటుంది. మీ ఆయనకు రాలింది ఆ పూత. నరం చాలా పొడవుగా ఉండేది కాలికి. అందుకే పాదాల దగ్గర మొదలై మోకాళ్ళకు, తొడలకు, చేతులకు ఎగబాకుతుంది. ఛాతీ దాకా ఎక్కితే ఊపిరి ఆడటం కష్టమవుతుంది. నలుగురైదుగురిలో ఒకరికి వెంటిలేటర్ అవసరమవుతుంది. మీరు నాలుగో రోజుకే తిరుపతి చేరడం వల్ల ఆయన ఎంత ప్రమాదం తప్పించుకున్నారో మీకు ఎవరైనా చెప్పారో లేదో. నేను చెప్తున్నాను.

జీబీఎస్ అంటే గులియన్ బారే సిండ్రోమ్. ఈ జబ్బును 1916లో ఫ్రాన్సులో ఇద్దరు సైనికుల్లో గమనించి రాశారు. దీనికి దోమ జ్వరమే కారణం కానక్కర్లేదు. కలుషితమైన నీరు, ఉడకని మాంసం వల్ల వచ్చే విరేచనాల తర్వాత ఇంకా ఎక్కువగా వస్తుంది. 2025 జనవరిలో పుణెలో చాలామంది ఒక్కసారిగా ఈ జబ్బుతో ఆసుపత్రి పాలైంది అందుకే. మామూలు రోజుల్లో లక్ష మందిలో ఏడాదికి ఒకరిద్దరికే వస్తుంది. దోమ జ్వరాలు ఊరి మీద పడ్డప్పుడు ఆ సంఖ్య పెరుగుతుంది. జికా వైరస్ 2013–14లో ఫ్రెంచ్ పాలినీసియా దీవుల్లో వ్యాపించినప్పుడు 42 మందికి జీబీఎస్ వచ్చింది. లెక్క వేస్తే జికా సోకిన పదివేల మందిలో ఇద్దరు ముగ్గురికి. ఆ 42 మందిలో ఒక్కరూ చనిపోలేదు. ఈ మాట మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.

ఆవిడ అనుమానాన్ని నేను కొట్టిపారేయడం లేదు. తుంటికి వేసే సూది తప్పుచోట పడితే తొడ వెనక దిగే పెద్ద నరం నిజంగానే దెబ్బతింటుంది. కానీ అది సూది పడ్డ వెంటనే, ఒక్క కాలికే వస్తుంది. మీ ఆయనకు రెండు కాళ్ళూ, ఆ తర్వాత వేళ్ళూ పోయాయి, అదీ రెండు వారాల తర్వాత. ఇది సూది పని కాదు. అయినా ఆవిడ మాటలో ఒక మంచి సలహా ఉంది. జ్వరం రాగానే తుంటికి సూది వేయమని మనమే అడుగుతుంటాం. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే ఆ సూది చోటే కండలో రక్తం గడ్డకడుతుంది. ఇకమీద అడగకండి.

పుత్తూరు కట్టు గురించి కూడా అడిగారు. ఎముక విరిగినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో పుత్తూరు వస్తారు. మీ ఆయనకు విరిగింది ఏమీ లేదు. బలం లేని కాలికి కట్టు కట్టి కదలకుండా ఉంచితే కీలు బిగుసుకుపోతుంది, కండ ఇంకా కరుగుతుంది. పసరు మందు విషయంలో నా భయం వేరు. ఈ జబ్బులో మింగే శక్తి ఎప్పుడు పోతుందో తెలియదు. మింగలేని మనిషి నోట్లో పసరు పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

ఒక సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, ఇలాగే జ్వరాల సీజన్లో, ఒక రైతు నా దగ్గరికి వచ్చారు. "కాళ్ళు నావి కానట్టున్నాయి సార్" అన్నారు. వరండా నిండా జనం. జ్వరం తర్వాత నీరసమే కదా అని బీ కాంప్లెక్స్ రాసి, బాగా తినమని పంపించాను. ఆయన గడప దాటుతుంటే ఎడమ కాలి చెప్పు జారి అక్కడే ఉండిపోయింది. ఆయనకు తెలియలేదు. ఒట్టికాలితో నాలుగడుగులు నడిచి వెళ్ళిపోయారు. వెనకున్న భార్య వంగి ఆ చెప్పు తీసుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. మూడో రోజు ట్రాక్టర్లో మంచం మీద తెచ్చారు, ఉమ్మి కూడా మింగలేకపోతున్నారు. నెల రోజులు వెంటిలేటర్ మీద ఉండి బతికారు. మోకాలి చిప్ప కింద సుత్తితో ఒక్కసారి తట్టి చూసి ఉంటే, కాలు ఎగరకపోవడం చూసి ఆ రోజే పంపించేవాణ్ణి. సుత్తి నా సొరుగులోనే ఉంది.

అప్పటి నుంచి జ్వరం తగ్గాక కాళ్ళు బాగాలేవని ఎవరొచ్చినా ముందు చెప్పులు అడుగుతాను. చెప్పు కాలికి నిలుస్తోందా? జారిపోతే తెలుస్తోందా? చదువుతున్న మీరందరూ కూడా ఇదే అడగండి. నీరసం ఉన్న మనిషి పడుకుని లేస్తే కాస్త తేరుకుంటారు. జీబీఎస్ మనిషి పొద్దున కంటే సాయంత్రానికి, నిన్నటి కంటే ఈ రోజుకు దిగజారుతుంటారు. అలా దిగజారడం రెండు నుంచి నాలుగు వారాలు సాగి ఆగుతుంది. మందు మొదలుపెట్టాల్సింది ఆ దిగజారే రోజుల్లోనే, మొదటి రెండు వారాల లోపు. ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించినా, రక్తంలోని ప్లాస్మా మార్చినా ఫలితం ఒకటే. స్టెరాయిడ్ మాత్రలు ఈ జబ్బుకు పని చేయవు. డెంగీ తర్వాత రాత్రికి రాత్రే కాళ్ళూ చేతులూ చచ్చుబడితే మాత్రం రక్తంలో పొటాషియం కూడా చూడాలి. అది తగ్గి వచ్చిన బలహీనత అయితే పొటాషియం ఇవ్వగానే ఒకటి రెండు రోజుల్లో లేచి నడుస్తారు.

డబ్బు మాట మీరు ఫోన్లో చెప్పారు, మెళ్ళో గొలుసు కుదవ పెట్టామని. అయిపోయిందానికి నేనేం చేయలేను. ఇంకెవరికైనా ఈ పరిస్థితి వస్తే ఒక్క పని చేయండి. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్లో వైద్యమిత్రను కలిసి, రేషన్ కార్డూ ఆధారూ చూపించి, ఈ జబ్బుకు ఏం వర్తిస్తుందో బిల్లు కట్టకముందే అడగండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ రెండూ ఉన్నాయి. నగరి నుంచి దారిలో చిన్న నర్సింగ్ హోముల దగ్గర ఆగి రోజులు పోగొట్టుకోవద్దు. వెంటిలేటరూ నరాల డాక్టరూ ఉన్నచోటికే నేరుగా వెళ్ళాలి.

ఆయన మళ్ళీ నిలబడతారా అని అడిగారు. నిలబడతారనే నా నమ్మకం. ఈ జబ్బు వచ్చిన పదిమందిలో ఎనిమిది మంది ఆరు నెలలకు ఎవరి సాయం లేకుండా నడుస్తారు. నెలన్నరకే గోడ పట్టుకుని నడుస్తున్నారంటే మంచి దారిలోనే ఉన్నారు. కానీ బలం పోయిన వరసలోనే తిరిగి రాదు. ముందు తొడలకు, చేతులకు వస్తుంది, పాదాలకు ఆలస్యంగా వస్తుంది. పాదం వేలాడుతూ, బొటనవేలు నేలకు తగులుతూ కొన్ని నెలలు ఉండొచ్చు. తువ్వాలు అరికాలికి చుట్టి రెండు చేతులతో తనవైపు లాక్కోమనండి, పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు. లేకపోతే మడమ వెనక స్నాయువు (పిక్క కండను మడమకు కలిపే పట్టీ) కుంచించుకుపోయి, బలం వచ్చాక కూడా పాదం నేలకు ఆనదు. ఫిజియోథెరపీ ఆయాసపడేదాకా చేయించొద్దు. ఈ రోజు ఎక్కువ చేస్తే రేపు లేవలేని జబ్బు ఇది. అరికాళ్ళకు స్పర్శ పూర్తిగా రాలేదు కాబట్టి వేడినీళ్ళ కాపడం మీ చేత్తో చూశాకే పెట్టండి. కాలిపోయినా ఆయనకు తెలియకపోవచ్చు.

పత్యం అవసరం లేదు. గుడ్డు, పెరుగు, పప్పు, రాగి సంగటి అన్నీ పెట్టండి. కండ పెరగాలంటే తిండి కావాలి. ఆయనకు ఏడుపొస్తోందని, చిరాకు పడుతున్నారని కూడా చెప్పారు. నిన్నటిదాకా నాలుగు మగ్గాల మధ్య ఒంటిచేత్తో తిరిగిన మనిషి బాత్రూముకు మిమ్మల్ని పిలవాల్సి వస్తోంది. కోప్పడకండి, కానీ ఆయన చేయగలిగిన పని మీరు చేసిపెట్టకండి. మళ్ళీ వస్తుందా అంటే, వందలో ఇద్దరు నుంచి ఐదుగురికి తిరగబెట్టవచ్చు. మిగతావాళ్ళకు రాదు. ఇది అంటుజబ్బు కాదు, పాపను ఆయన పక్కన పడుకోనివ్వండి. ఇకపై ఏ టీకా వేయించుకోవాల్సి వచ్చినా ఈ జబ్బు వచ్చిందని డాక్టరుకు చెప్పమనండి, అంతే.

దోమ గురించి. గున్యా, డెంగీ, జికా మూడింటినీ మోసేది చారల దోమ. అది పగలే కుడుతుంది, మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. పగలంతా షెడ్డులో, ఇంట్లో నిలబడి పని చేసే మీలాంటి నేత కుటుంబాలకు అది ఎంత దగ్గరి శత్రువో ఆలోచించండి. రోజు విడిచి రోజు కొళాయి వస్తుందని పట్టిపెట్టిన డ్రమ్ములు, సిమెంటు తొట్టి, షెడ్డు మీద పారేసిన టైరు, అవే దాని ఇళ్ళు. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికి ఒక రోజు తొట్టి ఖాళీ చేసి, గోడలు పీచుతో గట్టిగా రుద్దాలి. నీళ్ళు పారబోసినంత మాత్రాన సరిపోదు, గోడకు అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. జ్వరం వచ్చిన మనిషికి మొదటి వారం పగలు కూడా దోమతెర కట్టండి. ఆయన్ని కుట్టిన దోమే పక్కింటికి జబ్బును మోస్తుంది. మీ వీధిలో గర్భిణులుంటే వాళ్ళ తొట్లు ముందు శుభ్రం చేయించండి. జికా సోకితే కడుపులో బిడ్డ మెదడే ఎదగకుండా పోవచ్చు. బ్రెజిల్‌లో అలాంటి బిడ్డలు పుట్టినప్పుడే 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది.

జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు వ్యాధిని తెచ్చే దోమ వేరు. అది వరిమళ్ళలో పుట్టి పొద్దుగూకాక కుడుతుంది. కొంగల నుంచీ పందుల నుంచీ వైరస్ తెస్తుంది. మన దేశంలో ఆ జబ్బును మొదట గుర్తించింది 1955లో, మీ పొరుగున తమిళనాడులోని వేలూరు ప్రాంతంలోనే. దానికి టీకా ఉంది. పాప టీకా కార్డు తీసుకుని ఏఎన్ఎం దగ్గరికి వెళ్ళి, ఆ టీకా పడిందో లేదో, మీ మండలంలో ఇస్తున్నారో లేదో కనుక్కోండి.

చివరగా ఆయనకు ఒక పని. షెడ్డు నుంచి వేస్టు నూలు కండె ఒకటి తెప్పించండి. రోజూ పొద్దున కాఫీ తాగాక పోగు తెంపి ముడివేయమనండి. ఐదు నిమిషాల్లో ఎన్ని ముడులు పడ్డాయో పాప చేత నోటు పుస్తకంలో తేదీ వేసి రాయించండి. మొదట్లో రెండు మూడే పడొచ్చు, కొన్ని జారిపోవచ్చు. తిరుపతికి చెకప్‌కు వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి.